ఐదు బొంతలు, ఒక జిప్పు

బాలసుబ్బయ్యకు చలంటే భయం. ఒకప్పటి కడప, ఇప్పటి అన్నమయ్య జిల్లాలో పుట్టి, ఎండలో ఎండి ఎండుమిరపకాయైన మనిషి. కువైట్ వేసవిలో యాభై డిగ్రీల ఎండలో గొర్రెల వెనక కూనిరాగాలు తీస్తూ తిరుగుతాడు. డిసెంబరు రాగానే రాగం పోయి వణుకు మిగులుతుంది.

ఆయన భార్య రెడ్డెమ్మ సబా అల్ సలేంలో ఒక ఇంట్లో పనిచేస్తుంది. ఇంటావిడను మామా అంటుంది. ఆ మామా తమ్ముడి గొర్రెల దొడ్డి దక్షిణాన ఎడారిలో ఉంది. దానికి కాపరి బాలసుబ్బయ్య. మొగుడు ఎడారిలో, పెళ్ళాం ఈ దారిలో, మధ్యన ఫోను.

శుక్రవారం రాత్రి నుంచి మూడు రోజులు చలిగాలులని, ఎడారిలో సున్నా కిందికి పోతుందని ఆ సోమవారం టీవీలో చెప్పారు. మామా అటక మీది హీటర్లు దింపించింది, తివాచీలు పరిపించింది, పిల్లల నెత్తిన ఉన్ని టోపీలు బిగించింది. ఉన్నవాళ్ళకు ఉన్ని ఉంది. రెడ్డెమ్మ మొగుడికి మాత్రం ఒక్క బొంత ఉంది. పోయిన వారమే మామా పారేసిన పాత అబాయాలతో, అంటే ఆడవాళ్ళు పైన వేసుకునే నల్ల బురఖాలతో కుట్టి, గొర్రెల దాణా లారీలో పంపింది.

"ఏమయ్యా, బొంత వెచ్చగుండాదా?" అని ఫోన్లో అడిగింది.

"వెచ్చగ యాడుంటాది మే? కప్పుకుంటే జారిపోతాది! తెల్లార్లూ అది కిందికి, నేను పైకి."

రెడ్డెమ్మ నాలుక కరుచుకుంది. ఊళ్ళో బొంత కుట్టేది పాత నూలు చీరలతో. ఇక్కడ పాత బట్ట కనపడగానే చేతులు అలవాటు కొద్దీ కుట్టేశాయి గాని, అబాయా బట్ట పట్టులా జారుతుందన్న సంగతి తలకెక్కలేదు.

"శుక్రారం సలి ముదిరితే కుంపటి టెంటు లోపలికి తెచ్చుకుంటా. జిప్పు ఏసుకోని పండుకుంటా" అన్నాడు బాలసుబ్బయ్య.

రెండేళ్ళ కిందట పక్క దొడ్డి గంగాధర్ అలాగే పడుకున్నాడు. పొద్దున గొర్రెలు అరిచినా లేవలేదు. మూసిన టెంటులో బొగ్గుల గాలి వాసన కూడా రాకుండా మనిషిని తీసుకుపోతుంది. ఆ గంగాధర్‌ను బయటికి మోసింది ఈ బాలసుబ్బయ్యే.

"గంగాధరు సంగతి మర్సిపోయినావా?"

"వాడు నిండా మూసుకున్యాడు మే. నేను జానెడు ఇడుస్తా."

"సలేస్తాంటే ఇడుస్తావా నువ్వు? ఒట్టెయ్, కుంపటి లోపలికి తేనని!"

"సరే లే."

ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ 'సరే'ను ఆమె చాలాసార్లు చూసింది. దానికి సరైన అర్థం 'చూద్దాం' అని.

సాయంత్రం చెత్త సంచులతో వీధి చివరి డ్రమ్ము దగ్గరికి చేరడం ఆ వీధి పనిమనుషుల అలవాటు. వాళ్ళకు రచ్చబండ, వార్తాపత్రిక అన్నీ అదే. రెడ్డెమ్మ గోడు విని, పక్కింటి ఏసమ్మ సంచీని డ్రమ్ములోకి విసిరింది. ఏసమ్మది కోనసీమ. గొంతు వీధంతటిది.

"ఇంతకీ ఆ దొడ్ల కాడ మనోళ్ళు ఎంతమందున్నారే?"

"ఐదు మందక్కా."

"అయితే ఐదు బొంతలు! నీ ఆయనొక్కడికే కుట్టేవంటే మిగతా నలుగురూ అందులోనే దూరిపోతారు. అప్పుడది బొంత కాదు, సంత!"

మూలింట్లో పనిచేసే దిల్షాద్ బీ మర్నాడు పదకొండు పాత గుత్రాలు తెచ్చింది. మగవాళ్ళు తలకు చుట్టుకునే ఎర్రగళ్ళ గుడ్డలు, అచ్చమైన నూలువి. మధ్యన ఎవరింట్లో పారేసిన అబాయా, పైనా కిందా గుత్రా. ఎవరి వంటింట్లో వాళ్ళు అంట్లు తోమాక దబ్బనం పట్టారు. చెత్త డ్రమ్ము దగ్గర అంత చక్కని సరుకు చేతులు మారడం చూసి వీధి పిల్లులే విస్తుపోయాయి.

శుక్రవారం మధ్యాహ్నం మామా కుటుంబం దొడ్డికి వనభోజనానికి బయలుదేరింది. కారులో సగం రెడ్డెమ్మ మూటే.

"శినో?" ఏమిటది, అంది మామా.

"బర్ద్, మామా. చలి." రెడ్డెమ్మ మూట గట్టిగా వాటేసుకుంది.

మామా నవ్వి, తన ఉన్ని శాలువా తీసి మూట మీద పడేసింది.

బాలసుబ్బయ్య గళ్ళ బొంత కప్పుకుని గిరగిరా తిరిగి చూశాడు. "జారల్యా మే!" అని మురిసిపోయాడు. రెడ్డెమ్మా మురిసింది. అంతలో టెంటు వాకిట్లో కుంపటి, దాని పక్కన కొత్త బొగ్గుల బస్తా కనిపించాయి. ఆమె మొగుడి వైపు తిరిగింది.

"పిల్లోళ్ళకు గొర్రెపిల్లను పట్టుకోనిచ్చి రాపో."

ఆయన అటు పోగానే టెంటులో దూరింది. బొంతలు కుట్టిన కత్తెరతోనే తలుపు జిప్పును అడుగు నుంచి మోకాలెత్తు దాకా కోసి, ఆ ముక్కను రవికలో దాచుకుంది. కడప గడప దాటి వచ్చిన మొగుడికి ఇన్నాళ్ళూ ఉన్న ఒక్క తలుపునూ తన చేత్తోనే పాడుచేసింది. బయటికొచ్చి, "పోయొస్తామయ్యా" అంది.

శనివారం తెల్లవారుజామున ఐదింటికి రావలసిన ఫోను రాలేదు. ఐదున్నరకు ఆమె చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేసింది, మళ్ళీ ఎత్తలేదు. పొయ్యి మీద మామా పాలు పొంగిపోయాయి.

ఆరింటికి మోగింది.

"మే! నా టెంటు జిప్పు కోసింది నువ్వే గదా?"

రెడ్డెమ్మ పొయ్యి ఆపింది. ఆయన అరుస్తూనే ఉన్నాడు. ఆ తిట్లను ఆమె పాటలా వింది.

"ఇంతసేపు ఫోనేల ఎత్తల్యా?"

"బొంతల్లో యాడో పడిపాయ. ఎదికేసరికి ఈ పొద్దాయ."

"కుంపటి లోపలికి తెచ్చినావా?"

ఆయన అటు గొర్రెలను ఒకసారి అదిలించాడు.

"తెచ్చినా" అన్నాడు చివరికి. "తలుపు మూయనీకి వస్తే గదా! గాలికి బూడిదంతా మొగాన కొట్టె, నోట్లో గూడా పడె. రోసమొచ్చి దాన్ని అవతలికి నూకి, మనోళ్ళ టెంటుకు పోయినా. ఐదుగురం ఒకే తావ పండుకున్యాం, ఐదు బొంతలూ ఒకదాని మీద ఒకటేసుకోని."

"ఆడ కుంపటి?"

"ఐదుగురు మొగోళ్ళు పండుకుంటే కుంపటికి చోటేది మే?"

ఆమె కళ్ళు తుడుచుకుని నవ్వింది. ఆయన గొంతు తగ్గింది.

"జిప్పు మల్ల ఎప్పుడు కుడతావు?"

"మార్చిలో" అంది రెడ్డెమ్మ.