గేటు తెరిచిన పిలుపు

కొత్తపేటలో తొమ్మిదో తరగతి చదివే నాగశ్రీ రాస్తున్న కథలో నగరానికి ఏడంతస్తులు. కిందివాళ్లు పైవాళ్లని "అండీ" అనాలి, పైవాళ్లు కిందివాళ్లని "ఒరేయ్" అనాలి. పిలుపుని బట్టే ఎవరిది ఏ అంతస్తో గేటు తేల్చేసి, కిందివాళ్లని ఆపేస్తుంది. దాన్ని కథానాయిక ఎలా దాటాలో మూడు రోజులుగా తట్టి చావడం లేదు.

పెరట్లో కొబ్బరి దింపు జరుగుతోంది. "ఒరేయ్ అబ్బులూ, కాఫీ తాగుదువుగాని దిగరా!" అని నాయనమ్మ కేకేసింది.

"ఆయ్, వచ్చేత్తన్నానండీ!" అన్నాడు చెట్టు మీది ముసలాయన.

నాగశ్రీ పెన్ను పారేసి పెరట్లోకి పరుగెత్తింది. "అబ్బులుగారండోయ్, నెమ్మదిగా దిగండి!"

చెట్టంతా ఊగేలా నవ్వాడాయన. "నన్నేనాండీ, పాపగారూ?"

"మిమ్మల్నేనండీ!"

నాయనమ్మ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఎవరిది ఏ అంతస్తో తేల్చుకోలేక, కథలో గేటు కూడా సరిగ్గా అలాగే తెరుచుకుంది.