ఆపా ఇచ్చిన పగడం

కాత్యాయని వాళ్ళమ్మకు తెలిసిన పగడం ఒక్కటే. కుజదోషం ఉన్నవాళ్ళు ఉంగరంలో పెట్టించుకునేది. అందుకే కూతురు దుబాయ్ నుంచి ఫోన్ చేసి "అమ్మా, మా హాల్లో పగడాలు పెంచుతున్నానే" అన్నప్పుడు కాకినాడలో ఆవిడ "పెంచడమేంటే, అదేమన్నా కరివేపాకా?" అంది. నీళ్ళు కుదిరితే కరివేపాకు కంటే సులువుగానే పెరుగుతాయి. గాజు తొట్టి, ఉప్పు నీళ్ళు, పైన నీలం లైటు. ఒక కొమ్మ విరిచి చిన్న సిమెంటు బిళ్ళకు జిగురుతో అతికిస్తే కొన్ని నెలలకు అదే మరో చెట్టయి కూర్చుంటుంది. చూడ్డానికి చెట్టే గానీ, నిజానికి అది జంతువు. ఆ సంగతి తెలిస్తే వాళ్ళమ్మ ఈ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టదని కాత్యాయని అక్కడితో ఆపేసింది.

దుబాయ్‌లోని ఇంటర్నేషనల్ సిటీలో పేటలకు దేశాల పేర్లుంటాయి. ఫ్రాన్స్ క్లస్టర్‌లో వాళ్ళిల్లు. భర్త సిద్ధార్థ్ ఒక కాంట్రాక్టింగ్ కంపెనీ ఆఫీసులో పనిచేస్తాడు. కాత్యాయని అతని వీసా మీద ఉంటుంది, ఉద్యోగం లేదు. ఈ పిచ్చి ఆమెకు అంటించింది హబీబున్నీసా. నెల్లూరావిడ. ఇంగ్లండ్ క్లస్టర్‌లో ఉంటుంది. బస్సులో పక్క సీట్లో కూర్చుని, తెలుగు వినబడగానే ఫోన్ తీసి తన తొట్టి ఫోటోలు చూపించిన మనిషి. వయసులో బాగా పెద్దది కాబట్టి కాత్యాయని ఆవిణ్ణి ఉర్దూలో అక్క అన్నట్టు ఆపా అంటుంది.

ఆపా ఇల్లంటే ఒకటే గది. ఆ గదిలో సగం తొట్టే. మొదటిసారి వెళ్ళినప్పుడు, నాణేలంత ఆకుపచ్చ పువ్వులు గుత్తులుగా ఉన్న ఒక పగడాన్ని కత్తిరించి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఇచ్చింది. కాత్యాయని పర్సు తీసింది.

"ఛీ, లోపల పెట్టు. తోడుకి ఎవురన్నా డబ్బులు తీసుకుంటారా అమ్మాయ్?" అంది ఆపా. "మా ఇంటి పెరుగుతోడు అనుకో ఇది. రేపు కరెంటు పోయి నా తొట్టి మాడిపోయిందనుకో, నీ దగ్గరికొచ్చి ఒక ముక్క తీసకపోతా. నీది పోతే నా దగ్గరికి రా. ఎవురింట్లో ఉన్నా ఇది ఇద్దరిదీ."

పగడాలు పెంచేవాళ్ళలో ఈ పద్ధతి అంతటా ఉందట. ఇష్టమైన దాన్ని ఒక్క తొట్టిలో ఉంచుకోరు, నమ్మకమైన మనిషి దగ్గర ఒక ముక్క ఉంచుతారు. ఆపా అలా ఎంతమందికి ఇచ్చిందో ఆవిడకే గుర్తులేదు. ఒక్కటి కూడా అమ్మలేదు.

అమ్మింది కాత్యాయని. మొదట్లో ఉప్పు ఖర్చులు వస్తే చాలనుకుంది. దుబాయ్‌లో పగడాలు పెంచేవాళ్ళకో వాట్సాప్ గ్రూపు ఉంది, ఆపా కూడా అందులోనే. అందులో సొంత పేరు పెట్టకుండా "సీ గార్డెన్" అని పెట్టుకుని ఫోటోలు వేసేది. అడిగినవాళ్ళు వచ్చి పట్టుకెళ్ళేవాళ్ళు. ఉప్పు ఖర్చులొచ్చాక లైటు ఖర్చులన్నది, ఆ తర్వాత కారణాలు వెతకడం మానేసింది. చేతిలో సొంత డబ్బు ఆడుతుంటే బాగుంటుంది మరి, ఎవరికైనా. ఆపాకు చెప్తే "అమ్ముకుంటే అమ్ముకో అమ్మాయ్, నాకైతే మనసొప్పదు" అని నవ్వేసింది.

2018 వేసవిలో గ్రూపులో రూల్స్ గోల మొదలైంది. ఇంట్లోంచి ఏదమ్మినా లైసెన్సు ఉండాలని ఒకరు. భర్త వీసా మీద ఉన్నవాళ్ళకు ఆ లైసెన్సు ఇవ్వరని మరొకరు. పగడాలకు లైసెన్సు ఒక్కటే చాలదు, తల్లి పగడం ఏ సముద్రం నుంచి వచ్చిందో కాగితం కూడా చూపించాలని ఇంకొకరు. ఇన్‌స్పెక్టర్లు కొనేవాళ్ళలా వచ్చి పట్టుకుంటున్నారని ఎవరో వేసిన మెసేజికి గ్రూపంతా వణికింది. అసలు రూలు కళ్ళతో చూసినవాడు ఒక్కడూ లేడు, తెలియనివాడూ లేడు.

సిద్ధార్థ్ లాప్‌టాప్ ముందు కూర్చుని చాలాసేపు చదివాడు. "మనకు వర్తిస్తుందో లేదో కూడా తెలియట్లేదు కాత్యా. ఎందుకొచ్చిన గొడవ, ఆపెయ్" అన్నాడు.

"ఒకాయనకు మాటిచ్చానండీ. ఈ ఒక్కటీ ఇచ్చేసి ఆపేస్తాను."

ఆ ఒకాయన మర్నాడు సాయంత్రం వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, భుజాన నల్లటి బ్యాగు, జేబులో పెన్ను. హిందీలో మాట్లాడాడు. తొట్టి ముందు వంగి అంతా చూశాడు. కాత్యాయని ముక్కని డబ్బాలో పెట్టబోతుంటే, "ఒక్క నిమిషం. మీకు లైసెన్సు ఉందా? దీనికి కాగితాలున్నాయా?" అని అడిగాడు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది కాత్యాయనికి. సిద్ధార్థ్ వీసా, ఆఫీసు, ఆ వీసా ఇప్పించిన యజమాని కఫీల్, కాకినాడకు తిరుగు టికెట్, అన్నీ వరసగా కళ్ళ ముందు తిరిగాయి. అప్పుడు ఆమె నోట్లోంచి చాలా మామూలుగా ఈ మాటలు వచ్చాయి.

"ఇవి నావి కావండీ. మా ఫ్రెండువి. హబీబున్నీసా అని, ఇంగ్లండ్ క్లస్టర్‌లో ఉంటారు. నా దగ్గర ఉంచారంతే."

అంత సాఫీగా ఎలా వచ్చాయో ఆమెకే ఆశ్చర్యం. పచ్చి అబద్ధమైతే తడబడేది. ఇద్దరిదీ అని ఆపా అన్న మాటలోంచి ఆపా వాటాని మాత్రం తీసి ఆ మనిషి ముందు పెట్టింది. అతను "అయితే ఆవిణ్ణే అడుగుతాను" అని ఏమీ కొనకుండా వెళ్ళిపోయాడు.

అతను ఏ ఇన్‌స్పెక్టరూ కాదు. షార్జాలో పనిచేసే జాగ్రత్తపరుడైన ఇంజినీరు, అంతే. దారిలో ఎవరైనా ఆపితే ఇబ్బందని అడిగాడు. మర్నాడు ఎంతో మర్యాదగా గ్రూపులో పెట్టాడు, ఒకరింట్లో చూసిన పగడాలు హబీబున్నీసా గారివట, ఆవిడకు లైసెన్సు ఉందా, ఎవరికైనా తెలుసా అని. ఆ ఇల్లెవరిదో మాత్రం రాయలేదు. ఇంకో రోజు గడిచాక గ్రూపు నడిపే ఆశిష్ అనే కుర్రాడు ఇంగ్లీషులో పెద్ద మెసేజి వేశాడు. హబీబున్నీసా లైసెన్సు లేకుండా, వేరేవాళ్ళ ఇళ్ళల్లో సరుకు పెట్టి అమ్మిస్తున్నారు, ఒకరి వల్ల అందరికీ ముప్పు, ఆవిణ్ణి గ్రూపులోంచి తీసేశాం. కింద దండం పెడుతున్న చేతుల బొమ్మ.

ఉల్లిపాయలు వేయిస్తూ అది చదివింది కాత్యాయని. "అవి నావి" అని టైపు చేసి చెరిపేసింది. మళ్ళీ చేసి మళ్ళీ చెరిపింది. ఉల్లిపాయలు మాడాయి.

సంగతంతా విన్న సిద్ధార్థ్, "నువ్వు కొత్తగా కల్పించిందేముంది? ఆవిడిచ్చిందేగా" అన్నాడు. "ఆవిడ అమ్మలేదు కాబట్టి ఆవిడకేం కాదు. తప్పు చెయ్యనివాళ్ళకు భయమేంటి?"

ఆ మాట వినడానికి బాగుంది. తప్పు చేసినవాళ్ళకే అది అంత బాగుంటుందని కాత్యాయనికి తెలుస్తూనే ఉంది.

ఆ సాయంత్రమే ఆపా ఫోన్ చేసింది. గొంతు బొంగురుపోయి ఉంది. "నేను అమ్ముతుండానంట అమ్మాయ్! ఎవురో నా పేరు చెప్పుండారు. ఎవురై ఉంటారంటావు?"

చెప్పడానికి దేవుడు తెచ్చి చేతిలో పెట్టిన అవకాశం అది. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నా కొంత నయమే. కాత్యాయని ఊరుకోలేదు. "అయ్యో, ఎవరాపా?" అంది. గుమ్మం దగ్గర చెప్పిన మాట భయంలో జారిపోయింది. ఈ మాట మాత్రం ఆలోచించి అన్నది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే మనుషుల గురించి వినడమే గానీ, తానే ఆ మనిషి అవుతానని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఆ రాత్రి తొట్టి వైపు చూడలేక దాని మీద టవలు కప్పింది.

బుధవారం ఆపా మళ్ళీ ఫోన్ చేసింది. భర్త రమీజ్ ఒక చిన్న ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలో సూపర్‌వైజరు. ఈ సంగతి కఫీల్ చెవిన పడితే ఖలాస్ అని, తొట్టి తీసెయ్యమన్నాడట. "తొట్టి మా బిల్డింగులో ఉండే బుడేన్ సాహెబ్ కొడుక్కి ఇచ్చేస్తుండాం. పగడాల్ని మాత్రం నీ దగ్గరికే తెస్తాను. నీ పేరు ఎవురికీ తెలవదు గదా, నీ ఇంట్లో భయం లేదు."

శుక్రవారం నమాజు అయ్యాక ఇద్దరూ వచ్చారు. రమీజ్ చేతుల్లో రెండు బకెట్లు. ఆపా కళ్ళు వాచి ఉన్నాయి. సిద్ధార్థ్ కుర్చీలు వేశాడు. కొత్త నీళ్ళల్లో పగడాల్ని ఒక్కసారిగా వెయ్యకూడదు, తట్టుకోలేవు. సన్న గొట్టానికి ముడివేసి, ఈ తొట్టి నీళ్ళు ఆ బకెట్లలోకి బొట్టు బొట్టుగా పడేలా చేసి, ఒక గంటైనా ఆగాలి. ఆపా నేల మీద కూర్చుని ముడి సరిచేసింది. కాత్యాయని టీ పెట్టింది.

రమీజ్ టీ తాగుతూ, "మీరుండబట్టి సరిపోయింది చెల్లెమ్మా" అన్నాడు. "దీని నోరే దీనికి దుష్మన్. బస్సులో, పార్కులో, ఎవురు కనబడితే వాళ్ళకి నా తొట్టి, నా పగడాలు అని చెప్పుకుంటది. అదే ఇప్పుడు మా మెడకి చుట్టుకునింది."

ఆపా తలెత్తలేదు. "నిజమే. నాదే తప్పు. ఎక్కువ వాగినా" అంది.

అంతవరకూ ఎలాగో నిలబడింది కాత్యాయని. ఆ "నాదే తప్పు" విన్నాక నిలబడలేకపోయింది. సిద్ధార్థ్ వద్దన్నట్టు చూస్తున్నాడు. ఆమె అతని వైపు చూడలేదు.

"మీ పేరు చెప్పింది నేనాపా."

రమీజ్ కప్పు కింద పెట్టాడు. "ఏందీ?" అన్నాడు.

కాత్యాయని అంతా చెప్పింది. వచ్చినతను, అతను అడిగిన లైసెన్సు, తానిచ్చిన జవాబు. ఏడుపొస్తుంటే ఆపుకుంది. ఆ ఇంట్లో ఏడ్చే హక్కు ఉన్న మనిషి తాను కాదని తెలుసు.

ఆపా గొట్టం ముడిని కాస్త బిగించింది. "నేను ఫోన్ చేసినప్పుడు, ఎవరాపా అన్నావు గదా అమ్మాయ్."

"భయమేసిందాపా."

"నాకూ ఏసింది." ఆపా గొంతు పెంచలేదు. "ఆ ఆశిష్ నాకు ఫోన్ చేసినాడు. నీ సరుకు ఎవురింట్లో ఉండాదో చెప్పు, నిన్ను తీసెయ్యం అన్నాడు. నేను ముక్కలిచ్చినోళ్ళు ఎందరో ఉండారు. ఎవురి పేరు చెప్పినా ఒకరి కొంప మునుగుద్ది. చెప్పలా. నోరు మూసుకుని కూచున్నా."

రమీజ్ భార్య వైపు చూశాడు. ఈ సంగతి అతనికీ ఇప్పుడే తెలిసింది. లేచి బకెట్ పట్టుకున్నాడు. "లే. ఈడ ఒక్కటి కూడా వద్దు. పోదాం పా."

"యాడికి తీసకపోతావు? మన తొట్టి ఆరబెట్టేస్తివి గదా. బయట ఎండ చూసినావా? చస్తాయి. పెట్టు కింద."

అతను పెట్టాడు. గంట ఇంకా కాలేదు. పగడాలు అలవాటు పడేదాకా ఆ నలుగురూ అదే హాల్లో కూర్చోవాల్సి వచ్చింది. కాత్యాయని ఫోన్ తీసింది. సీ గార్డెన్ తానేనని, అమ్మింది తానేనని, హబీబున్నీసా గారు ఎప్పుడూ ఏదీ అమ్మలేదని, కింద తన పూర్తి పేరు రాసి గ్రూపులో పెట్టింది. సిద్ధార్థ్ లేచి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఫోన్ మోగడం మొదలైంది. ఆమె తియ్యలేదు.

"పెట్టేశానాపా. అందరికీ తెలుస్తుంది."

"తెలిస్తే తెలియనీ. మా ఆయన మళ్ళా తొట్టి పెట్టనీడు" అంది ఆపా, బకెట్లో వేలు ముంచి చూసుకుంటూ.

గంటయ్యాక ఆపా చేతులు తొట్టిలో పెట్టి ఒక్కోదాన్ని దాని చోట సర్దింది. వెలుతురు కావలసినవి పైన, అక్కర్లేనివి కింద. ఎక్కడా తొందరపడలేదు. ఆకుపచ్చ పువ్వుల గుత్తిని మాత్రం రెండుసార్లు తీసి పెట్టింది. కాత్యాయని పక్కనే టవలు పట్టుకుని నిలబడింది. ఆపా చేతులు తన చున్నీకే తుడుచుకుంది.

గుమ్మం దగ్గర కాత్యాయని ఇక ఉండబట్టలేక అడిగింది. "చూడ్డానికి వస్తూ ఉంటారు కదాపా?"

ఆపా చెప్పులు వేసుకుంది. తలుపు పట్టుకుని లోపలికి, తొట్టి వైపు ఒకసారి చూసింది.

"వీటిల్లో ఏదన్నా అమ్మితే, నీ పేరు చెప్పి అమ్ము" అంది.

రమీజ్ ఖాళీ బకెట్లు ఒకదాంట్లో ఒకటి పెట్టుకుని అప్పటికే లిఫ్టు దగ్గరున్నాడు. ఆపా వెళ్ళి అతని పక్కన నిలబడింది.