పగడాలు పడుకునే వేళ

సుత్తి పగడం మూడో కొమ్మ ఆమె కళ్లముందే కరిగిపోతోంది.

మోచేతి దాకా చెయ్యి అక్వేరియం ఉప్పునీళ్లలో ముంచి, సన్నటి రబ్బరు పైపుతో ఆ గోధుమరంగు జిగురును బకెట్లోకి లాగేస్తోంది. లాగిన చోట తెల్లటి ఎముక బయటపడింది. మొన్నటిదాకా ఆ కొమ్మకు లేతగులాబీ రంగు వేళ్లుండేవి. ఒక్కోటి చిట్టి సుత్తిలా, నీటి వాలుకు ఊగుతుండేవి. ఇప్పుడు కుళ్లిన చేపల వాసన గదంతా కమ్మేసింది. ఇక మిగిలినవి రెండు కొమ్మలే.

వెనక బ్యాగు జిప్పు వేసిన చప్పుడైంది.

“వెళ్తున్నా వదినా,” అన్నాడు మరిది.

ఆమె తిరగలేదు.

మరిది ప్లంబరు. ఈ ఊళ్లో పని దొరికి వచ్చి, అక్వేరియం పక్కనే సోఫా మీద పడుకుంటున్నాడు. అతని గోళ్ల సందుల్లో ఎప్పుడూ రాగి గొట్టాల పచ్చటి మరక. పగడాలకు రాగి పాషాణం. పైగా వచ్చిన మొదటి వారంలోనే, వెల్లకిలా పడ్డ నత్తను నిలబెడతానని తొట్టిలో చెయ్యి పెట్టాడు. ఆ రోజు ఆమె వేసిన కేకకు పక్కింటివాళ్లు తొంగిచూశారు.

అందుకే పొద్దున భర్తతో అనేసింది, మీ తమ్ముడే చంపుతున్నాడని. భర్త బస్సు డ్రైవరు. డ్యూటీకి బూట్లు తొడుక్కుంటూ, “నేనొచ్చేసరికి వేరే గది చూసుకో,” అని తమ్ముడి మొహం చూడకుండా వెళ్లిపోయాడు. నాలుగేళ్లు మాటల్లేకుండా ఉండి, మొన్నమొన్ననే కలిసిన అన్నదమ్ములు. ఈసారి గడప దాటితే ఇతను మళ్లీ రాడు.

“నీ సీసా ఏమంటోంది?” అడిగాడు మరిది.

బల్ల మీద గాజుగొట్టంలో తొట్టి నీళ్లున్నాయి. రాగిని పట్టే మందు చుక్కలు వేసి చాలాసేపైంది. ఆమె రోజూ రక్తపరీక్షల ల్యాబులో చేసే పనే ఇది. నీళ్ల రంగు మారలేదు.

“రాగి లేదంటోంది.”

“రాగి కాకపోతే సబ్బంటావు. సబ్బు కాకపోతే నా చెమటంటావు. నన్నయితే వదలవు కదా.”

“ఆగు.” ఆమె చెయ్యి తుడుచుకుంది. “నీళ్లలో విషముంటే అన్నీ చావాలి. ఇది ఒక్కటే, అదీ ఎడమ పక్క నుంచే ఎందుకు పోతోంది?”

“ఏ పీతో కొరుకుతోందేమో.”

“ఎప్పుడూ కనపడలేదే.”

“ఎలా కనపడుద్ది? లైటు ఆరితే తొట్టి వంక చూడనిస్తావా ఎవర్నైనా? పగడాలు పడుకున్నాయంటావు. మొన్న ఆ చీకట్లో కుర్చీ తన్నుకుని నా బొటనవేలు పోయింది. అది మాత్రం నీకు పట్టలేదు.”

నిజమే. ఆ నియమం ఆమెదే. పసిపిల్లల గదిలో లైటు వెయ్యనట్టు, మూడేళ్లుగా చీకట్లో తొట్టి మీద వెలుగు పడనివ్వలేదు. మేత వేసేది పట్టపగలే.

ఆమె లేచి కిటికీల తెరలు లాగింది. తొట్టి లైటు ఆర్పింది. మందపాటి దుప్పటి తెచ్చి తొట్టి మీద కప్పింది.

“బ్యాగు కింద పెట్టు. దొంగ వచ్చేదాకా కూర్చుందాం.”

గంటకు పైగా గడిచింది. ఆమె మోటార్లు ఆపింది, నీళ్లు నిలిచాయి. దొంగకు ఎరగా, సిరంజితో సన్నగా తరిగిన రొయ్య ముక్కల నీళ్లు వదిలింది. సింకుల కింద పనికి తలకు కట్టుకునే లైటు మీద, పగడాలు వెలుగుకు బెదరకుండా, మరిది ఎర్ర రుమాలు చుట్టాడు. ఇద్దరూ దుప్పటి కిందకు దూరారు.

మొదట ఏమీ లేదు. తర్వాత ఒక రాయి కదిలింది.

అది రాయి కాదు. పగలంతా ముడుచుకుని పడి ఉండే గిన్నె పగడం. ఇప్పుడు ఒళ్లు రెండింతలు ఉబ్బింది. అంచు చుట్టూ అద్దంలాంటి వేళ్లు లేచాయి. ఒక వేలికి రొయ్య ముక్క తగిలింది. పక్క వేళ్లన్నీ దాని మీదికి వంగాయి. నడుమ సన్నటి గీత మెల్లగా విచ్చుకుంది. నోరు. ముక్క లోపలికి జారింది. గీత మూసుకుంది.

“మింగింది,” అన్నాడు మరిది గొంతు తగ్గించి.

పక్కనున్న రాతి మీద మరో నోరు తెరుచుకుంది. దాని వెనక పది. ఆపైన లెక్క అందలేదు. పువ్వులనుకున్నవి ఒళ్లంతా వేళ్లు చాచి, నిలిచిన నీళ్లలో నలుసుల్ని వెతుక్కుంటున్నాయి. ఇసుకలోంచి పురుగులు ఈకల విసనకర్రల్లా పైకి లేచాయి. పగడాలు ప్రాణులని ఆమె చదివింది, పదిమందికి చెప్పింది. చూడటం మాత్రం ఇదే మొదటిసారి. మూడేళ్లుగా ఇవి మేలుకునే వేళకు వాకిలి మూసేసి, నిద్రపోయే వేళకు అన్నం పెట్టింది. దొరికిన దానితోనే ఇంత పెరిగాయి. ఇవన్నీ తన ఇంట్లో, టీవీకి నాలుగడుగుల దూరంలో ఉన్నాయి.

“వదినా, ఊపిరి తీసుకో,” అన్నాడు మరిది. అతనూ తీసుకోవడం లేదు.

“పీత ఏది?”

“పీతా లేదు, గీతా లేదు.”

ఆమె చెయ్యి చాచి మోటారు వేసింది. నీళ్లు కదిలాయి.

అప్పుడు కనిపించాయి పోగులు. ఎడమ వైపు నుంచి, జానెడు పొడవున, గాజు దారాల్లాంటివి. ఒక్కోదాని కొసన తెల్లటి చుక్క. నీటి వాలుకు తిన్నగా సాగి, అటూ ఇటూ తడుముతున్నాయి. ఒకటి సుత్తి పగడం నాలుగో కొమ్మను తాకింది. కొమ్మ కాలిన చెయ్యిలా ముడుచుకుపోయింది. పోగు వదల్లేదు. రెండోది వచ్చి అంటుకుంది.

మరిది లైటును ఆ పోగుల వెంట మెల్లగా వెనక్కి జరిపాడు. అవి ఎడమ పక్క రాతి మీదున్న ఆకుపచ్చ పగడం నుంచి వస్తున్నాయి.

చొక్కా గుండీ అంత ముక్కగా కొని తెచ్చుకుంది దాన్ని. దానికొక్కదానికే ముద్దుపేరు పెట్టింది. సిరంజి మొదట దాని దగ్గరికే వెళ్లేది. ఏడాది తిరిగేసరికి పిడికిలంత అయింది, ఒళ్లంతా ఆకుపచ్చ నక్షత్రాలతో. వచ్చినవాళ్లందరికీ ముందు దాన్నే చూపించేది. కడుపునిండా తిని, బలిసి, పక్క జాగా కోసం యుద్ధానికి దిగింది. ఆమెకు కోపం రాలేదు. మెదడు లేని, కళ్లు లేని ఆ ముద్ద చీకట్లో ఇంత దూరం చెయ్యి చాచగలిగిందా అని ఇంకా దగ్గరికి వంగి చూసింది.

తలుపు తాళం తిరిగింది.

భర్త లోపలికి వచ్చాడు. చీకటి గది, దుప్పటి కింద రెండు ఆకారాలు, నేల మీద బ్యాగు.

“ఇంకా వెళ్లలేదా?”

మరిది దుప్పటిలోంచి బయటికొచ్చి బ్యాగు అందుకోబోయాడు. ఆమె వచ్చి దాని పట్టీ గట్టిగా పట్టుకుంది.

“మీ తమ్ముడు ఎక్కడికీ వెళ్లడు. వాడు కాదండి.”

“మరి పొద్దున అన్నావుగా?”

“అన్నాను. తప్పు నాది.”

“అయితే ఎవరు?”

ఆమె తొట్టి వైపు చూసింది. తను పెట్టిన ముద్దుపేరే చెప్పాల్సి వచ్చింది.

“బుజ్జిది.”