ఎక్కువ వెలిగిన దీపం

ల్యాబులో అందరూ ఆమెను చుక్కలమ్మ అనేవారు. కంటికి ఆనని అర్ధవాహక రేణువులను, అంటే క్వాంటం డాట్లను, తయారుచేయడం ఆమె పని. వాటిని పాలిమర్ ద్రావణంలో కలిపి, గాజుపలక మీద పల్చని పొరగా పరిచి, ఎండ నుంచి కరెంటు తీయాలని ఆమె గురువు సగం జీవితం ధారపోశారు. ఆ వేసవిలో ఒక పలక ఎవరూ ఊహించనంత కరెంటు ఇచ్చింది. అప్పటికే ఆస్పత్రిలో మంచం పట్టిన మాస్టారు ఆ కబురు విని కళ్లు తుడుచుకున్నారు.

పరిశోధన పత్రం పంపేముందు చుక్కలమ్మకు ఎందుకో మనసొప్పక, ఎండకు బదులు వాడే దీపాన్ని కొలిచి చూసింది. కొత్త బల్బు వేశాక దాని వెలుగును ఎవరూ సరిచూడలేదు. అది ఎండకు దాదాపు రెట్టింపు ఉంది. వాళ్ల గెలుపులో సగం దీపానిదే.

ఆస్పత్రి వరండాలో మాస్టారి భార్య సంగతి విని ఆమె చెయ్యి పట్టుకుంది.

"నీకు దణ్ణం పెడతానమ్మా, ఆయనకు చెప్పకు. ఆ సంతోషంతోనే పోనీ."

చుక్కలమ్మ తలూపింది. కానీ ఇద్దరూ లోపలికి వెళ్లగానే మాస్టారు అడిగిన మొదటి మాట, "దీపం సరిచూశావా?"

అబద్ధం గొంతు దాటలేదు. "చూశానండీ. వెలుగు ఎక్కువుంది. మన లెక్క తప్పు."

ఆయన గోడవైపు తిరిగారు. భార్య విసురుగా బయటికి వెళ్లిపోయింది.

"మరి అసలెంత?"

"పాతదానికన్నా పిసరంత ఎక్కువండీ."

"ఆ పిసరైనా మనదే కదా!" నవ్వబోయి దగ్గారు. "రేణువుల మీద జిడ్డుపొర ఇంకా మిగిలుంటుంది. అదే కరెంటుకు అడ్డం. మళ్లీ కడుగు. పత్రం మాత్రం ఆపెయ్."

మర్నాడు మాస్టారి భార్య ఫోన్ చేసింది. చుక్కలమ్మ తిట్లకు సిద్ధపడింది.

"నిన్న నీమీద ఒళ్లు మండిపోయింది. కానీ మంచినీళ్లు కూడా వద్దనే మనిషి, నువ్వెళ్లాక లేచి కూర్చుని పాలడిగారు. ఏ ద్రావకంతో కడగాలో నాకు పాఠం చెప్పారు. నాకేం తెలుస్తుంది? ఊఁ కొట్టా. ఎన్నాళ్లకో మా ఇంటాయన మళ్లీ కనబడ్డారే!"

ఆ వారంలోనే మాస్టారు కన్నుమూశారు.

చుక్కలమ్మ రేణువులను మళ్లీ కడిగింది. చేతులకు తొడుగులుండటంతో కన్నీళ్లు భుజానికి తుడుచుకుంటూ కడిగింది. దీపాన్ని ముందుగా సరిచూసి, కొత్త పలకను కొలిచి, ఆయన భార్యకు ఫోన్ చేసింది.

"పెరిగిందమ్మా. కొంచెమే."

"నిజంగా పెరిగిందా?"

"నిజంగానే."

అవతల ఏడుపు వినిపించింది. అది తగ్గేదాకా చుక్కలమ్మ ఫోన్ చెవికి ఆనించుకునే నిలబడింది.