కదలని సముద్రం

మెదక్‌లో నర్సింగం ఫోటో దుకాణానికి పేరొచ్చింది ఆ తెర వల్లనే. గోడంత గుడ్డ మీద పొద్దుగూకే వేళ సముద్రం. గీసినవాడూ సముద్రాన్ని చూడలేదు, కొన్న నర్సింగమూ చూడలేదు. అయినా జనం ఎగబడి దాని ముందు నిలబడేవారు.

ఆ ఎండాకాలం ఎల్దుర్తి నుంచి సిద్దమ్మ, ఆమె పెనిమిటి బక్కయ్య నడిచి వచ్చేసరికి పొద్దు వాలింది. వెలుతురు చాలదు, రేపు రమ్మనాలి. నర్సింగం అనలేదు. బేరం పోతుందని భయం. "ఎనిమిది లెక్కవెట్టేదాంక కదలొద్దు," అని కెమెరా మూత తీశాడు. ఐదు దగ్గర బక్కయ్య ఉండబట్టలేక వెనక్కి తిరిగి అలలు చూశాడు.

గాజు పలక కడిగి చూస్తే సిద్దమ్మ ఉంది, అలలన్నీ ఉన్నాయి, బక్కయ్య మెడ మీద మాత్రం ముఖం బదులు పొగ ఉంది. మళ్లీ తీయడానికి ఇంకో పలక ఉంది గానీ, అది దొరవారింటి పెళ్లికి దాచింది. వారం తర్వాత వాళ్లొస్తే, "పొద్దుమీకి దిగితే గిట్లనే వస్తది," అని చేతిలో పెట్టాడు, సిగ్గులేని మనిషి. సిద్దమ్మ దాన్ని కళ్లకద్దుకుంది.

వానలు వెనకబట్టే వేళకు నిజాం మీదికి యూనియన్ సైన్యం వచ్చింది. రజాకార్ల పీడ వదిలిందని ఊరు ఊపిరి పీల్చుకునేలోపే, సంఘపోళ్లకు, అంటే కమ్యూనిస్టులకు, అన్నం పెట్టాడని బక్కయ్యను లారీ ఎక్కించారు. ఏ జైలుకో ఎవరూ చెప్పలేదు.

చలికాలంలో ఒక మధ్యాహ్నం సిద్దమ్మ మళ్లీ దుకాణం మెట్లెక్కి, కొంగులోంచి ఆ ఫోటో తీసింది.

"బక్కయ్యలు మస్తుమంది ఉన్నరట సారూ. మొఖం సూపిస్తే జైళ్లల్ల ఎతుకుతమని ఠాణల అన్నరు. గిది సూపిస్తే నవ్విండ్రు. మీ తాన ఈ ఫోటో గాజు అద్దం ఉంటది గద, జర మొఖం కనవడేటట్టు ఇంకోటి తీసియ్యుండ్రి."

నర్సింగం పాత పలక వెతికి కిటికీకి ఎదురుగా పట్టాడు. అందులోనూ పొగే.

"గప్పుడే చెప్తే మల్లొచ్చి దిగుతుంటిమి గద సారూ," అంది సిద్దమ్మ. తిట్టినా బాగుండేది.

మళ్లీ ఆమే అడిగింది. "పోనీ, మీరు సూసిండ్రు గద. అంతసేపు మీ ఎదురుంగనే నిలవడ్డడు. నాతోని వచ్చి, మొఖం గిట్లుంటదని చెప్పుండ్రి. మీ మాటైతే ఇంటరు."

నర్సింగం గుర్తు తెచ్చుకోబోయాడు. ఎనిమిది లెక్కపెట్టినంతసేపూ చూసిన మాట నిజమే. చూసింది తగ్గిపోయే వెలుతురును. ముక్కు, మీసం, కళ్లు, ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"యాదికి లేదమ్మా," అన్నాడు.

సిద్దమ్మ ఫోటోను మళ్లీ కొంగులో చుట్టుకుంది.

"నేను రోజూ గిదే సూస్తున్న సారూ," అంది. "నాకు గూడ గిప్పుడు గిట్లనే యాదికొస్తున్నడు."