నడిమిది

సాయిదీప్‌కు ముప్పై మూడేళ్లు. చేవెళ్ల బజార్లో బట్టల దుకాణం తండ్రి వీరేశంది. గల్లా మీద కూర్చునేది తండ్రి, చీరల మడతలు విప్పి పరిచేది కొడుకు. కొనేవాళ్లు ఎటూ తేల్చుకోలేక ఊగుతుంటే వీరేశం తలెత్తకుండా గల్లా మీద నుంచే ఒక్క మాటంటాడు, బేరం కుదిరిపోతుంది. ఇంట్లోనూ అంతే. సాయిదీప్ చదివిన కాలేజీ, చేసుకున్న పెళ్లి, గోడలకు వేసిన రంగు, అన్నీ ఆ ఒక్క మాటతో తేలినవే.

హోటల్‌కు వెళ్తే పక్క టేబుల్ మీదికి ఏం వచ్చిందో చూసిగానీ ఆర్డర్ చెప్పడని భార్య స్వప్నిక నవ్వుతుంటుంది.

అతనిదంటూ ఉన్నది ఒక్క కారే. అదీ గండిపేటలో ఒక స్నేహితుడు వదిలించుకుంటుంటే కొన్నది. చూపుకు పెద్దమనిషి తరహా సెడాన్, లోపల టర్బో. కాలు గట్టిగా నొక్కితే ఒక్క క్షణం ఆలోచించుకుని, ఆ తర్వాత వెన్ను మీద చెయ్యి వేసి తోసినట్టు దూకుతుంది. ఆ ఒక్క క్షణమంటే సాయిదీప్‌కు ప్రాణం. ఆలోచిస్తూ కూర్చునేవాళ్లు కూడా దూకగలరన్న నమ్మకం అతనికి ఇంకెక్కడా దొరకలేదు.

ఎండాకాలం మొదలైనప్పటి నుంచి ఆ ఇంజన్‌కు ఇంకాస్త బలం పెంచాలన్న పురుగు తొలుస్తోంది. దుకాణంలో బేరాలు లేనప్పుడల్లా ఫోన్ తెరుస్తాడు. ఒక గ్రూపులో పెద్ద టర్బో వెయ్యనివాడు మగాడే కాదంటారు. ఇంకో గ్రూపులో సాఫ్ట్‌వేర్ మార్చుకుంటే చాలంటారు. ఏది చదివితే అదే నిజమనిపిస్తుంది. చివరికి సంగతి స్వప్నిక ముందు పెట్టాడు.

"నన్నడగకు. ఎవర్నీ అడగకు. ఈ ఒక్కటన్న నువ్వే సోంచాయించి చెప్పు."

"అడిగితె?"

"అడిగితె నీ కారు నేను ఎక్క. మా అమ్మోళ్లింటికి బస్సుల పోత."

నవ్వుతూనే అంది. కళ్లు మాత్రం నవ్వలేదు. ఏళ్ల తరబడి ఒక మనిషి కోసం ఎదురుచూస్తున్నట్టున్న ఆ చూపు సాయిదీప్‌ను వదల్లేదు.

జవాబు అతనికి ఒక మధ్యాహ్నం మొయినాబాద్ నుంచి వస్తుంటే దొరికింది. మొదటి లారీని దాటినప్పుడు కారు చిరుతలా ఉంది. మూడో లారీ దగ్గరకొచ్చేసరికి తిని పడుకున్నదాన్ని లేపినట్టుంది. పొద్దున చల్లపూట అట్లా ఉండదు. టర్బో గాలిని ఒత్తి ఇంజన్‌లోకి తోస్తుంది, ఒత్తితే గాలి వేడెక్కుతుంది, వేడిగాలి పలచన. కారుకు కావాల్సింది ఇంకో గుండె కాదు, చల్లటి ఊపిరి. ఆ గాలిని చల్లార్చే జాలీ, ఇంటర్‌కూలర్ అంటారు, పెద్దది వేయించి, దానికి తగ్గట్టు కంప్యూటర్ సెట్టింగ్ మారిస్తే సరిపోతుంది. ఈ సంగతి ఏ గ్రూపూ చెప్పలేదు. సీటుకు ఆనిన అతని వీపే చెప్పింది. ఎవరికీ చెప్పకుండా, బుగ్గన పెట్టుకున్న చాక్లెట్‌లా రెండు రోజులు దాచుకున్నాడు.

గురువారం పొద్దున మొయినాబాద్‌లో జానీ గ్యారేజీకి బయల్దేరుతుంటే వీరేశం వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు.

"మోకాళ్ల డాక్టర్ దగ్గరికి పోవాలె. దింపు."

"నాకు జర పనున్నది బాపు."

"చేస్కో. డాక్టర్ పదకొండుకు గాని రాడు. దవాఖానల కూసుండేదేదో నీ కాడ్నే కూసుంట."

కాదనడం సాయిదీప్‌కు చేతనైతే ఈ కథే ఉండేది కాదు.

జానీ ఇంజన్ల పని నగరంలో నేర్చుకుని, రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకున్నాడు. నవ్వు మొహం, నోట్లో బెల్లం. వీరేశాన్ని చూడగానే స్టూలు తుడిచి వేశాడు.

"రా సేటూ, కూసో. చాయ్ చెప్పనా?"

తెప్పించాడు. తర్వాత చూపించడానికి బల్ల మీద నమూనా సరుకు పేర్చాడు. ఇటు చివర ల్యాప్‌టాప్, ఉత్త సాఫ్ట్‌వేర్ అన్నమాట. మధ్యలో ఇంటర్‌కూలర్. అటు చివర పెద్ద టర్బో, నగల డబ్బాలో పెట్టినట్టు మెరుస్తోంది. దాని నుంచే మొదలుపెట్టాడు.

"ఇది ఏస్తే అన్నా, ఎలక్ట్రిక్ బండ్లోళ్లు గూడ నీకు అద్దంల చిన్నగైతరు."

"పొల్యూషన్ టెస్టు?" అడిగాడు సాయిదీప్.

"అది... జర చూస్కోవాలె."

"చూస్కునేదే ఉంటె ముందుగాలనే చెప్పాలె గద," అన్నాడు వీరేశం చాయ్ ఊదుకుంటూ. మధ్య వస్తువును వేలితో తట్టాడు. "గిదేంది? కూలర్ జాలీ లెక్కున్నది."

"ఇంజన్‌కు కూలరే అనుకో సేటూ."

సాయిదీప్ గొంతు సవరించుకున్నాడు. ఆ మాట నాలుక చివరికి వచ్చింది.

"నడిమిది తీస్కో రా," అన్నాడు వీరేశం.

షెడ్డులో ఫ్యాను తిరుగుతూనే ఉంది. సాయిదీప్ చెవులు మాత్రం మూసుకుపోయాయి. రెండు రోజులు దాచుకున్న చాక్లెట్‌ను ఎవరో బుగ్గలోంచి తీసుకుని నమిలేసినట్టయింది. ఇప్పుడు అదే చెప్తే బాపు మాట విన్నట్టు. ఇంకోటి చెప్తే తనకే తెలిసిన తప్పు చేసినట్టు. ఒప్పు కావాలా, తనది కావాలా?

"పెద్దదే వెయ్యి జానీ," అంది నోరు.

జానీ ఒకసారి తండ్రిని, ఒకసారి కొడుకును చూశాడు. "ఆర్డర్ పెట్టినంక వాపస్ తీస్కోరన్నా. సేటును దవాఖానల దింపి రాపో. నువ్వొచ్చినంకనే ఫోన్ కొడ్త."

దవాఖాన దారిలో, పూల మూటలతో పోతున్న ఆటో వెనక కారు నెమ్మదిగా పోనిస్తూ సాయిదీప్ అడిగాడు.

"నడిమిదే ఎందుకన్నవ్ బాపు?"

"నాకేమెరుక రా? మూడు ముంగట పెట్టిండు. మూడు పెడితె నడిమిదే చెప్తం గద. నువ్వు గూడ దుకాణంల గంతేనాయె."

అది నిజమే. అమ్మదలచిన చీరనే మధ్యలో పరచాలని సాయిదీప్‌కు దుకాణం పని వచ్చినప్పటి నుంచి తెలుసు. కానీ ఆ అలవాటు దుకాణం షట్టర్ దించాక కూడా పనిచేస్తుందని తెలియదు.

"నా కాలేజీ?"

"మూడు కాయితాలు తెచ్చినవ్."

"ఇంటి రంగు?"

"పెయింటాయన మూడు డబ్బాల మూతలు తీసిండు."

సాయిదీప్ కారు పక్కకు తీసి ఆపాడు.

"బాపూ. స్వప్నిక?"

వీరేశం కిటికీలోంచి ఫామ్‌హౌస్ బోర్డు ఏదో చాలా శ్రద్ధగా చదివాడు.

"ఫోటోలు మూడే ఉండె," అన్నాడు చివరికి. "ఆ పిల్లకు మాత్రం చెప్పకు. చాయ్ బంద్ జేస్తది."

సాయిదీప్‌కు నవ్వు ఆగలేదు. స్టీరింగ్ మీద తల పెట్టి నవ్వాడు. ఇంకో మెట్టు ఉందనుకుని కాలు వేస్తే నేల తగిలినప్పుడు గుండె జల్లుమంటుందే, ఆ నవ్వులో అదీ ఉంది. ఇన్నేళ్లు తాను లోపల్లోపల నెడుతూ వచ్చిన గోడ అసలు లేదు. గోడ ఉన్నచోట మోకాళ్ల నొప్పులతో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు.

"నవ్వకు రా," అన్నాడు వీరేశం, తనకూ నవ్వొస్తుంటే మీసం కింద దాచుకుంటూ. "ఎవరన్న ఒకరు చెప్పాలె గద. మీ అమ్మ నా మొకం జూసె, నువ్వు నా మొకం జూస్తివి. నేనెవరి మొకం జూడాలె?"

సాయిదీప్ ఆ మొహాన్ని మొదటిసారి సరిగ్గా చూశాడు. దవాఖాన మెట్ల దగ్గర చెయ్యి పట్టి దింపాడు.

తిరిగొచ్చేసరికి జానీ ఫోన్ చేతిలో పట్టుకునే ఉన్నాడు.

"ఇంటర్‌కూలర్ వెయ్యి జానీ. దానికి సరిపోయే సెట్టింగ్. టర్బో ఉన్నదే ఉండనియ్యి."

"సేటు చెప్పిందే గదన్నా!"

"కాదు. నేను మొన్ననే అనుకున్న."

జానీ సరేసరేలే అన్నట్టు నవ్వాడు. నమ్మలేదు. నమ్మకపోయినా తనకేం నొప్పి పుట్టడం లేదని సాయిదీప్ ఆశ్చర్యంగా గమనించాడు.

పని పూర్తయిన ఆదివారం, మండే ఎండలో స్వప్నికను ఎక్కించుకుని బయల్దేరాడు. మొదటి లారీ, రెండోది, మూడోది. కారు ఎక్కడా కునుకు తీయలేదు. ఆ ఒక్క క్షణం ఆలోచన మాత్రం అట్లాగే ఉంది.

"ఎవరు చెప్పిన్రు?" అంది స్వప్నిక.

"నేనే."

ఆమె అతన్ని పక్క నుంచి చాలాసేపు చూసింది. తర్వాత చెప్పులు విప్పి కాళ్లు సీటు మీదికి ముడుచుకుని, హాయిగా కూర్చుంది.

మొయినాబాద్‌లో టిఫిన్‌కు ఆగారు. సర్వర్ వచ్చి, "ఇడ్లీ, వడ, పూరీ," అన్నాడు.

మూడు. సాయిదీప్‌కు నవ్వు తన్నుకొచ్చింది. చెవిలో బాపు గొంతు ఖణీమని 'వడ' అంది. ఒక్క క్షణం ఆలోచించుకున్నాడు.

"పూరీ."

"పక్క టేబుల్ దిక్కు జూడనే లేదు!" అంది స్వప్నిక. "ఎందుకట్ల నవ్వుతున్నవ్? చెప్పు."

"చెప్తె," అన్నాడు సాయిదీప్, "పాపం, బాపుకు చాయ్ బంద్ అయితది."