పదిహేడో సంచి

ఆ శనివారం పొద్దున ఇంట్లో ఉన్నవాళ్ళు నలుగురు. తాతయ్య బెలిసారియో, అమ్మ ఎల్విరా, అమ్మ తమ్ముడు తోబియాస్, దమారిస్. వీళ్ళు కాక వసారాలో బట్టలారేసే దండేనికి ముప్ఫై ప్లాస్టిక్ సంచులు వేలాడుతున్నాయి. ఒక్కో సంచిలో ఒక్కో గొంగళిపురుగు. వాటిని అమ్మ ఇంటివాళ్ళలో కలపలేదు. తాతయ్యకైతే అవి అసలు ఇంట్లో ఉండడమే ఇష్టం లేదు. దమారిస్ మాత్రం లేవగానే మొహం కడుక్కోకముందే వాటి దగ్గరికి వెళ్ళేది.

అవి ఇంటికొచ్చి రెండు నెలలు. వానలు మొదలైన వారంలో ఎలాదియో అనే ఆయన జీపులో వచ్చి, బడిలో ఊరివాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడాడు. ఒకప్పుడు పశువులు కాసినవాడు. ఇప్పుడు దేశం కోసం పురుగులు పడుతున్నానని చెప్పాడు.

"మన దేశం చిన్నది. మన అడవుల్లో పురుగులు మాత్రం పెద్ద పెద్ద దేశాలకున్నన్ని. వాటి సంగతి చదువుకున్నవాళ్ళని పోగేస్తే ఒక బస్సు నిండదు. ఆ బస్సు నిండేదాకా ఆగుదామంటే అడవి ఆగదు కదా. అందుకని ఊళ్ళలోంచి మనుషుల్ని తీసుకుని, రాజధాని సాన్ హొసేలో ఆరు నెలలు నేర్పించి, మళ్ళీ వాళ్ళ అడవిలోనే పనిలో పెడుతున్నాం. నెలకోసారి పట్టినవన్నీ సాన్ హొసేకి తెస్తారు. నాది ఆరో తరగతి. నేను నేర్చుకోగా లేంది మీరు నేర్చుకోలేరా?"

ఊళ్ళో ముగ్గురికి సంచులూ, తలా ఒక నోటుబుక్కూ ఇచ్చాడు. పురుగు ఏ ఆకు మీద దొరికింది, ఏ రోజు, చివరికి అందులోంచి ఏం వచ్చింది, అన్నీ రాయాలి. బాగా చేసినవాళ్ళలో ఒకర్ని శిక్షణకి తీసుకుంటారు. రొట్టెల కొట్టు ఫ్రొయిలాన్ రెండో వారానికే విసిగి వదిలేశాడు. బడి పంతులు గారి సంచుల్ని కోళ్ళు చింపి తినేశాయి. దమారిస్ ఒక్కతే మిగిలింది. ఈ రోజు తొమ్మిదింటికి డాక్టర్ ఇర్మా గారు స్వయంగా చూడటానికి వస్తున్నారు.

ఆ శిక్షణకి వెళ్ళాలని దమారిస్‌కి ఎంత ఉందో ఆమె డైరీకి తప్ప ఎవరికీ తెలియదు. అడ్డం తాతయ్య. ముందురోజు భోజనాల దగ్గర ఆయన తేల్చేశాడు.

"నా పెళ్ళయిన ఏడు ఈ దేశం సైన్యాన్ని ఇంటికి పంపేసింది. ఇప్పుడు పురుగులు పట్టడానికి దండు కడుతోంది. కట్టుకోనీ, నాకేం. మన పిల్లని మాత్రం పంపను."

"ఎందుకు నాన్నా?" అంది అమ్మ.

"పోయిన ఏడు లా క్రూస్ నుంచి వస్తూ ఏం చేసిందో మర్చిపోయావా? బస్సు మన ఊరు దాటి పోతుంటే ఆపమని అనలేక నోరు మూసుక్కూర్చుంది. రెండు మైళ్ళు వెనక్కి నడిచొచ్చింది వానలో. అక్కడ పదకొండు మంది మగాళ్ళుంటారు. ఆరు నెలలు. ఎవడైనా ఏదైనా అంటే ఎవరికి చెప్తుంది? ఆ నోటుబుక్కుకా?"

దమారిస్ చిక్కుడు గింజల్ని కంచంలో అటూ ఇటూ జరిపింది. ఆయన అన్నదాంట్లో అబద్ధం ఏమీ లేదు. అదే బాధ.

తెల్లవారగానే అమ్మ మోకాళ్ళ మీద కూర్చుని నేలంతా ఎర్ర మైనం రుద్దింది. పెళ్ళిళ్ళకి తీసే కప్పులు తీసింది. తోబియాస్ మామయ్య వాకిలి ఊడ్చి, చొక్కా మార్చుకుని, మీసం దువ్వుకున్నాడు.

"ఎవరికిరా ఈ సింగారం? పురుగులకా?" అంది అమ్మ.

"సాన్ హొసే వాళ్ళు వస్తుంటే పందుల దొడ్డిలా ఉంటామా అక్కా? చూసుకో, మన ఇల్లు చూసి వాళ్ళే అంటారు, పిల్లంటే ఇలాంటి ఇంట్లో పెరగాలీ అని."

దమారిస్ బుట్ట తీసుకుని పురుగుల కోసం ఏటి ఒడ్డుకి లేత ఆకులు కోసుకురావడానికి వెళ్ళింది. ఆమె తిరిగొచ్చేసరికి జీపు వాకిట్లో ఉంది.

డాక్టర్ ఇర్మా గారు పొట్టిగా, నెరిసిన జుట్టుతో, బురద బూట్లతో ఉన్నారు. మైనం రుద్దిన నేల చూసి గుమ్మంలోనే బూట్లు విప్పేశారు. దాంతో అమ్మ మనసు ఆమె వైపు పోయింది. ఎలాదియో జీపు ముందు మూత ఎత్తి పొగలు కక్కుతున్న ఇంజనులో నీళ్ళు పోస్తున్నాడు.

"కాఫీ తాగండి డాక్టర్ గారూ. లేకపోతే వేడి వేడి బెల్లం నీళ్ళు ఇమ్మంటారా?" అన్నాడు మామయ్య.

"బెల్లం నీళ్ళే ఇప్పించండి. ముందే చెప్తున్నాను, నేను పేడపురుగుల మనిషిని. సీతాకోకచిలుకల సంగతి ఎలాదియోకే తెలియాలి."

"పేడపురుగులకి డాక్టరా!" మామయ్య మొహం వెలిగిపోయింది. "మా ఆవుల కొట్టానికి రండి మరి. అది మీకు విశ్వవిద్యాలయమే."

ఆమె పకపకా నవ్వారు. తాతయ్య నవ్వలేదు. టోపీ మోకాలి మీద పెట్టుకుని, మూల కుర్చీలో కూర్చుని వింటున్నాడు.

డాక్టర్ గారు దండెం దగ్గరికి వెళ్ళి ఒక్కో సంచే చూస్తూ, నోటుబుక్కులో లెక్క అడుగుతూ, పెద్ద కాగితం మీద తనూ రాసుకున్నారు. "ఒకటో నంబరు?" "జామ ఆకు" అని దమారిస్ నేలవైపు చూస్తూ జవాబు. "కొంచెం గట్టిగా, అమ్మా." "జామ ఆకు." అలా పదహారు అయ్యాయి. మూడు చచ్చిపోయాయి, మిగతావి గూళ్ళు కట్టుకున్నాయి, నాలుగింట్లోంచి సీతాకోకచిలుకలు బయటికొచ్చాయి.

పదిహేడో సంచి పట్టుకోగానే డాక్టర్ గారి చెయ్యి ఆగింది. లోపల నల్లటి రెక్కల మీద పసుపు చారలతో, అరచేయంత సీతాకోకచిలుక ఒకటి మెల్లగా రెక్కలు ముడుస్తూ విప్పుతూ ఉంది.

"ఎంత బాగుంది! ఇది ఏ ఆకు మీద దొరికింది?"

దమారిస్ తలెత్తి చూసింది. పదిహేడులో ఉండాల్సింది అది కాదు. గ్వాసిమో చెట్టు ఆకు మీద దొరికిన ఒక గోధుమరంగు పురుగు ఉండేది. నాలుగు రోజుల కిందట తినడం మానేసింది. నిన్న పొద్దుటికి ఎండి నల్లబడి తోలు మిగిలింది, దాని చుట్టూ బియ్యపు గింజల్లాంటి చిన్న చిన్న తెల్ల గూళ్ళు. అవెందుకు వచ్చాయో ఆమెకి తెలియదు. లెక్కపెట్టి రాసింది.

"గ్వాసిమో డాక్టర్ గారూ. సంచి మీదే రాసుందిగా" అన్నాడు మామయ్య ముందుకొచ్చి. దమారిస్ వైపు చూసి కన్ను కొట్టాడు.

"గ్వాసిమో మీద ఇంత పెద్ద చిలుకా! నేను విననే లేదు. ఎలాదియోకి తెలుసో లేదో." ఆమె కళ్ళు మెరిశాయి. కాగితం మీద చకచకా రాసేశారు. "తాతగారూ, మీ మనవరాలు కొత్త సంగతి పట్టుకున్నట్టే ఉంది. ఈ కాగితం గురువారం సాన్ హొసేలో కంప్యూటర్లోకి ఎక్కుతుంది. ఆ తర్వాత గ్వాసిమో గురించి ఎవరు అడిగినా, ఏ దేశం నుంచి అడిగినా, ఈ మాటే కనిపిస్తుంది."

"చూశావా మామా, నేను చెప్పలేదూ?" అన్నాడు తాతయ్యతో పక్కింటి లాసారో, ఎప్పుడొచ్చాడో కంచె మీదుగా తొంగిచూస్తూ.

అమ్మ చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. ఆమె మొహంలో అంత సంతోషం దమారిస్ ఈ మధ్య చూడలేదు. తాతయ్య కూడా కుర్చీలో కొంచెం నిటారుగా కూర్చున్నాడు. నోరు మూసుక్కూర్చుంటే చాలు, అంతా తనంతట అదే జరిగిపోయేలా ఉంది.

డాక్టర్ గారు పద్దెనిమిదో సంచి వైపు చెయ్యి చాచారు.

"అది కాదు" అంది దమారిస్.

ఎవరికీ వినపడలేదు. ఆమె గొంతు సవరించుకుంది.

"అది కాదు డాక్టర్ గారూ. పదిహేడు అది కాదు. మీరు రాసింది తప్పు."

ఆమె నోటుబుక్కు తెరిచి ముందుకు చాపింది.

"పదిహేడు చచ్చిపోయింది. తెల్ల గూళ్ళొచ్చాయి, ముప్ఫై ఎనిమిది. నిన్న రాశాను, ఇదిగో. ఈ చిలుక మా నిమ్మచెట్టుది. దీన్ని మా మామయ్య పెట్టాడు."

"ఓసి దీని…" మామయ్య మీసం కింద మొహం ఎర్రబడింది. "ఆ కుళ్ళిపోయిన పురుగుని దేశం చూస్తుందా? ఒళ్ళంతా పేను గుడ్లు పెట్టుకునుంది! ఇంట్లో శుభ్రం లేదనుకుంటారని నేనే… నిమ్మచెట్టు కింద గూడు విప్పుకుంటోంది, తెచ్చి పెట్టాను. అతిథులకి మంచి కప్పులు తియ్యమా ఏం?"

"తోబియాస్!" అంది అమ్మ.

డాక్టర్ గారు కలం కిందికి దించారు. "ఆ తెల్ల గూళ్ళు ఏం చేశారు?"

"ఏముంది, పొయ్యిలో వేశా."

ఆమె కళ్ళు మూసుకుని తెరిచారు. అప్పటికి ఎలాదియో చేతులు తుడుచుకుంటూ వచ్చి, సంచి చూసి, "నిమ్మచెట్టుదే" అన్నాడు. తర్వాత నోటుబుక్కు చదివి ఈల వేశాడు. "అవి చిన్న కందిరీగలు, తోబియాస్ గారూ. పురుగు ఒంట్లో గుడ్లు పెట్టి దాన్నే తిని పెరుగుతాయి. మాకు కావలసింది చిలుకలకన్నా అవే. చిలుకలకి పేర్లున్నాయి. ఆ కందిరీగల్లో సగానికి పైగా పేర్లే లేవు."

మామయ్య పొయ్యి వైపు చూశాడు. టోపీ తీసి చేతిలో తిప్పాడు. "దరిద్రం! ఆ గుడ్లే బంగారమని ఎవడికి తెలుసు?"

"మరి ఇప్పుడు?" అంది దమారిస్, డాక్టర్ గారి కాగితం వైపు చూస్తూ. "రబ్బరు తేనా?"

"వద్దు. మేం చెరపం." డాక్టర్ గారు తను రాసిన వరుస మీద సన్నగా ఒక్క గీత గీశారు. "కొట్టేసింది కూడా చదవడానికి వీలుండాలి. ఎవరు తప్పు రాశారో, ఎవరు దిద్దారో తెలియాలి. తప్పు నాది, నా సంతకం ఇక్కడ. దిద్దింది నువ్వు. నీ పేరు ఇక్కడ రాయి. దాని కింద, తెల్ల గూళ్ళు ముప్ఫై ఎనిమిది, పోయాయి అని రాయి."

"ఎలా పోయాయో కూడా రాయనా?"

"రాయి."

దమారిస్ రాసింది. 'పొయ్యిలో' అని రాస్తున్నప్పుడు మామయ్య మెడ చాచి చూశాడు. "నా పేరు రాయకే తల్లీ. కంప్యూటర్లోకి ఎక్కుతుందంటున్నారు." ఎలాదియో ముందుగా నవ్వాడు, ఆ తర్వాత అమ్మ, చివరికి మామయ్య కూడా.

తాతయ్య మాత్రం లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

మిగతా పదమూడు సంచులూ చూడటం అయ్యాక డాక్టర్ గారు అమ్మతో మెల్లగా అన్నారు. "ఒకే చోటు ఉంది ఎల్విరా. నాకు ఈ పిల్ల కావాలి. సోమవారం మొదలు. ఏటి వంతెన ఎప్పుడు కొట్టుకుపోతుందో తెలియదు, మళ్ళీ రాలేను. వస్తే ఈ రోజే నాతో రావాలి. ఆడపిల్లలకి వేరే గది ఉంది, వంటావిడ మార్తా కూడా అందులోనే పడుకుంటుంది. పెద్దాయన్ని నేను అడగనా?"

"మీరు అడిగితే కాదంటాడు. ఎవరూ అడక్కండి" అంది అమ్మ. లోపలికెళ్ళి సంచిలో బట్టలు సర్దడం మొదలుపెట్టింది. దమారిస్ వెనకే వెళ్ళింది.

"అమ్మా, తాతయ్య ఔననలేదు."

"కాదని కూడా అనలేదుగా. కాదనాలనుకుంటే ఆయన పెరట్లోకి వెళ్ళడు. ఇక్కడే నిలబడి అరుస్తాడు." ఆమె రవిక ఒకటి మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది. "ఎర్ర స్వెట్టరు పెట్టుకో. సాన్ హొసేలో చలి."

ఎలాదియో, మామయ్య కలిసి సంచుల్ని ఒక కర్రకి గుచ్చి జీపు వెనక కట్టారు. తర్వాత మామయ్య ఆమెకి ఎదురొచ్చాడు.

"నా పరువు తీశావే" అన్నాడు.

"క్షమించు మామయ్యా."

"ఇప్పుడు వెనక్కి తగ్గకు, ఇంకా సిగ్గుచేటు." అల్యూమినియం డబ్బా ఆమె చేతిలో పెట్టాడు. లోపల మొక్కజొన్న రొట్టెలు, జున్ను. "తిను. పురుగులకి పెట్టేయకు."

డాక్టర్ గారు ముందు సీట్లో కూర్చున్నారు. దమారిస్ వెనక సీట్లో ఒక కాలు లోపల పెట్టి, ఇంకో కాలు నేల మీదే ఉంచింది. ఆ కాలు తీయడానికి ఆమెకి ధైర్యం చాలలేదు. పెరటి వైపు నుంచి తాతయ్య నడిచొచ్చాడు. చేతుల్లో ఏమీ లేదు. జీపు పక్కన ఆగి, ఆమె వైపు కాకుండా కొండ వైపు చూస్తూ మాట్లాడాడు.

"ఇంట్లోవాణ్ణి తప్పన్నావు. ఇంటికొచ్చిన డాక్టరమ్మనీ తప్పన్నావు. అదీ నలుగురి ముందు, లాసారో కూడా వింటుండగా."

"తాతయ్యా…"

"అక్కడ ఎవడైనా ఏదైనా అంటే కూడా ఇలాగే అనాలి. ఇంత గట్టిగా. వినపడలేదంటే మళ్ళీ అనాలి. బస్సు దాటిపోతే ఆపమనాలి."

"అంటాను."

"గట్టిగా."

"అంటాను తాతయ్యా!"

ఎలాదియో ఉలిక్కిపడి అద్దంలోంచి వెనక్కి చూశాడు. తాతయ్య వంగి, ఆమె బూటు పట్టుకుని ఆ కాలు కూడా లోపల పెట్టాడు. ఆ పాత జీపు తలుపు ఒక పట్టాన పడేది కాదు. రెండు చేతులతో దాన్ని కాస్త పైకెత్తి, గట్టిగా మూసేశాడు.